గాజు నెగటివ్‌లను డిజిటల్ చేయడానికి స్కానరా, కెమెరానా, బయటివాళ్లకు ఇవ్వడమా?

పాత స్టూడియో మూతపడినప్పుడో, పెద్దల ఇల్లు ఖాళీ చేసేటప్పుడో అటక మీంచి గాజు నెగటివ్‌ల పెట్టెలు దిగుతాయి. ఎవరో ఒకరు వాటిని తెచ్చి, చుట్టుపక్కల చరిత్ర సేకరిస్తున్న సంఘానికి అప్పగిస్తారు. వారం తిరక్కుండానే అక్కడున్న నలుగురూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ స్కానర్ కొందాం?"

ఇలాంటి పెట్టెలతో కొన్నేళ్లు కుస్తీ పట్టాక నేను చెప్పే జవాబు మొదట అందరికీ విసుగు పుట్టిస్తుంది. స్కానర్ సంగతి తర్వాత, ముందు ఒక్కో ప్లేటు (గాజు నెగటివ్ పలక) ఎన్నిసార్లు చేతుల్లోకి రావాల్సి ఉంటుందో లెక్కపెట్టండి అంటాను. అల్మరాలో నిలబెట్టిన గాజు దానంతటది పగలదు. కవరులోంచి తీసేటప్పుడు, దుమ్ము దులిపేటప్పుడు, స్కానర్ మీంచి ఎత్తేటప్పుడు, "ఫోకస్ సరిగ్గా రాలేదు, మళ్లీ తీద్దాం" అన్నప్పుడు పగులుతుంది. ప్లేటును ఒక్కసారి బయటికి తీసి, పనంతా ముగించి, ఇక ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేకుండా లోపల పెట్టేయగలిగితే అదే మీకు సరైన పద్ధతి. కింది పోలికంతా ఈ కొలబద్దతోనే చేశాను.

## ముందు పెట్టెలో ఏముందో చూడండి

ఎక్కువగా దొరికేవి జెలటిన్ డ్రై ప్లేట్లు. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ ఈ పద్ధతిని బయటపెట్టాడు. 1870ల చివరికి ఫ్యాక్టరీల్లో తయారై, డబ్బాల్లో అమ్మకానికి వచ్చాయి. గాజు పలుచగా ఉంటుంది, పూత అంచుదాకా ఒకే మందంలో ఉంటుంది, బొమ్మ నలుపు బూడిద రంగుల్లో ఉంటుంది. ప్లేటును కాస్త వాల్చి వెలుతురులో చూసినప్పుడు అంచుల్లో నీలం కలిసిన వెండి మెరుపు కనిపిస్తే అది దాదాపుగా జెలటినే.

అంతకుముందువి కొలోడియన్ ప్లేట్లు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన పద్ధతి ఇది. ఫొటోగ్రాఫర్ తనే గాజు మీద ద్రవం పోసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అప్పటికప్పుడే డెవలప్ చేసేవాడు. అందుకే పూత అంచుల దగ్గర ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక మూల వేలితో పట్టుకున్న జాగాలో పూతే ఉండదు. గాజు మందంగా, చేత్తో కోసినట్టు ఉంటుంది. బొమ్మ మీగడ రంగుకూ గోధుమ రంగుకూ మధ్యలో ఉంటుంది, దాని మీద సాధారణంగా వార్నిష్ పూసి ఉంటుంది. స్పిరిట్ లాంటి ఆల్కహాల్ ఉన్న ద్రవాలేవీ వీటి దగ్గరికి రానివ్వకండి. వార్నిష్‌తోపాటు బొమ్మ కూడా ఊడి దూదికి వచ్చేస్తుంది.

రెండు గాజులు కలిపి చుట్టూ కాగితం పట్టీ అంటించి ఉంటే అది లాంతర్ స్లైడ్, అంటే తెర మీద వేసి చూపించే గాజు బొమ్మ. అది పాజిటివ్, దాన్ని విప్పకండి. బొమ్మ రంగుల్లో కనిపిస్తే ఆటోక్రోమ్ కావచ్చు. 1907లో ల్యూమియేర్ సోదరులు అమ్మకానికి తెచ్చిన ఆ ప్లేట్లలో రంగులన్నీ బంగాళదుంప పిండి రేణువులకు అద్దినవే, వెలుతురు తగిలితే వెలిసిపోతాయి. అలాంటిది ఒక్కటి దొరికినా విడిగా పెట్టి, దాని సంగతి తెలిసినవాళ్లకు చూపించండి.

మధ్యలో ఫిల్మ్ నెగటివ్‌లు కలిసి ఉంటే వెంటనే వేరు చేయండి. పాత నైట్రేట్ ఫిల్మ్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది. అది పాడవుతున్నప్పుడు వదిలే వాయువులు పక్కన ఉన్నవాటిని కూడా తినేస్తాయి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

ప్లేటు ఎన్నిసార్లు చేతుల్లోకి వస్తుందన్న దాని గురించి చెప్పాను. దాని తర్వాత నేను చూసేది నెగటివ్ ఎంత దట్టంగా ఉందన్నది. చాలామంది దీన్ని పట్టించుకోరు, తీరా పని సగంలోకి వచ్చాక తల పట్టుకుంటారు. ఆ రోజుల్లో ప్రింట్లు ఎండలో పెట్టి తీసేవాళ్లు. ఆ కాగితానికి తగ్గట్టు నెగటివ్‌ను కూడా బాగా ముదురుగా తయారుచేసేవాళ్లు. సాంద్రత 3 అంటే ఆ చోట పడిన వెలుతురులో వెయ్యో వంతే అవతలికి వస్తుందని అర్థం. నెగటివ్‌లో నల్లగా ఉన్న చోటే అసలు ఫొటోలో తెల్లగా ఉంటుంది కదా. తెల్ల పంచె మడతలు, పెళ్లికూతురి మేలిముసుగు, ఆకాశంలో మబ్బులు, అన్నీ ఆ నలుపులోనే దాక్కుని ఉంటాయి. మామూలు స్కానర్ అక్కడ చుక్కల చుక్కల గోల తప్ప ఏమీ చూపించదు.

తర్వాతది సైజు. క్వార్టర్ ప్లేటు 3¼ × 4¼ అంగుళాలు, హాఫ్ ప్లేటు 4¾ × 6½, ఫుల్ ప్లేటు 6½ × 8½, ఆపైన 8 × 10. దేశాన్ని బట్టి హాఫ్ ప్లేటు కొలత కాస్త మారుతుంది కాబట్టి పేరు నమ్మకుండా స్కేలు పెట్టి కొలవండి. మీ దగ్గరున్న అతి పెద్ద ప్లేటు ఏ పద్ధతిలో ఇముడుతుందో ఈ దశలోనే తేల్చుకోవాలి.

ఎంత పీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు) కావాలన్న దాని మీద జరిగినంత వాదన ఇంకదేని మీదా జరగదు. నా మాట అడిగితే, 1200 పీపీఐలో ఫోకస్ కుదిరిన బొమ్మ 4800లో మసకబారిన బొమ్మ కంటే ఎన్నో రెట్లు మేలు. గుంపు ఫొటోలో వెనక వరసలో నిలబడ్డ పిల్లవాడి మొహం గుర్తుపట్టగలిగితే చాలావరకు పని అయినట్టే.

ఇక మనుషులు. వారానికి రెండు గంటలు వచ్చే ముగ్గురు వాలంటీర్లతో అయ్యే పనికీ, రోజంతా కూర్చోగల ఒక్కరితో అయ్యే పనికీ పద్ధతులు వేరు. దీన్ని మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోండి.

## ఫోన్, లైట్ బాక్స్

చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ మొదటి వారానికి ఇంతకంటే మంచిది లేదు. ప్లేటును లైట్ బాక్స్ మీద పెట్టి ఫోన్‌తో ఒక ఫొటో తీసి, ఫోన్‌లోనే రంగులు తిరగేస్తే అది ఏ ఫొటోనో తెలిసిపోతుంది. దాంతో జాబితా తయారవుతుంది. ఏవి పగిలాయో, ఏవి ఒకే ఫొటోకు రెండు కాపీలో, దేనికి తొందర ఉందో తెలుస్తుంది.

భద్రపరిచే కాపీగా మాత్రం ఇది పనికిరాదు. ఫోన్ తనంతట తనే బొమ్మను నునుపు చేసి, అంచులు పదును చేసి ఇస్తుంది. దట్టమైన చోట్ల ఏమీ మిగలదు. పైగా దీనికోసం ఒకసారి, అసలు స్కానింగ్ కోసం మరోసారి, మొత్తం రెండుసార్లు ప్లేటు చేతిలోకి వస్తుంది. అందుకే ప్లేట్లను కొత్త కవర్లలోకి మార్చే రోజునే ఈ ఫోటోలు కూడా తీసేయండి. ఎలాగూ బయటికి తీస్తున్నారు కదా.

## ఫ్లాట్‌బెడ్ స్కానర్

మూతలో కూడా లైటు ఉన్న స్కానర్ అయితేనే గాజు నెగటివ్‌కు పనికొస్తుంది. మామూలు ఆఫీసు స్కానర్ కాగితాలకే. ఎప్సన్ వీ850 లాంటి వాటిలో ఆ లైటు 8 × 10 అంగుళాల వరకు ఉంటుంది, అంటే ఫుల్ ప్లేటు దాకా ఇబ్బంది లేదు. అంతకంటే పెద్దవాటికి ఏ3 సైజు స్కానర్, దానికి విడిగా కొనే ట్రాన్స్‌పరెన్సీ యూనిట్ (లైటు ఉన్న మూత) కావాలి.

దీని గొప్పతనం ఏంటంటే నేర్చుకోవడం తేలిక. ఒక్క మధ్యాహ్నంలో ఎవరికైనా నేర్పించొచ్చు. ఎవరు చేసినా ఫలితం ఒకేలా వస్తుంది. వెలుతురు సమానంగా పడుతుంది, కొలతలు తప్పవు. చిన్న సేకరణకు ఇది నిజంగా మంచి దారి.

కష్టాలు గాజు మీద గాజు పెట్టినప్పుడు మొదలవుతాయి. ప్లేటు నున్నటి వైపు స్కానర్ గాజుకు ఆనిందంటే ఇంద్రధనుస్సు వలయాల్లాంటి చారలు పడతాయి. వాటిని న్యూటన్ రింగ్స్ అంటారు. సరేనని ఎమల్షన్ వైపు కిందికి తిప్పితే చారలు పోతాయి, కానీ బొమ్మ ఉన్న పొరే గాజుకు రాసుకుంటుంది. ఒకసారి ప్లేటు ఎత్తాక స్కానర్ గాజు మీద గోరంత నల్ల పొలుసు మిగిలింది. భూతద్దంలో చూస్తే అందులో ఎవరిదో చొక్కా గుండీ ఉంది. ఆ తర్వాత పొర లేస్తున్న ప్లేటేదీ మేం స్కానర్ మీద పెట్టలేదు.

అంచుల కింద సన్నటి అట్టముక్కలు పెట్టి ప్లేటును కాస్త పైకి లేపితే రెండు సమస్యలూ తగ్గుతాయి. అయితే స్కానర్ ఫోకస్ ఒకే ఎత్తుకు కట్టి ఉంటుంది కాబట్టి, ఏ ఎత్తులో బొమ్మ స్పష్టంగా వస్తుందో ముందుగా ఒక పనికిరాని ప్లేటుతో పరీక్షించుకోవాలి. మందపాటి ప్లేటు పెట్టి మూత వేసేటప్పుడు దాని బరువు గాజు మీద పడకుండా చూసుకోండి.

ఇంకో చిక్కు, ఎత్తడం. చదునైన గాజు మీంచి చదునైన గాజు అంత తేలిగ్గా లేవదు. గోరు దూర్చి లేపబోతే మూల విరుగుతుంది. ప్లేటు పెట్టేముందే దాని అంచు కింద సన్నటి పాలిస్టర్ పట్టీ ఒకటి ఉంచితే దాన్ని పట్టుకుని నెమ్మదిగా లేపొచ్చు.

స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో దుమ్మును తానే తుడిచేసే సదుపాయం కనిపిస్తే ఆశపడకండి. అది ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పనిచేస్తుంది. నలుపు తెలుపు నెగటివ్‌లోని వెండి ఆ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి బొమ్మనే దుమ్ము అనుకుని పాడుచేస్తుంది.

ఇక వేగం సంగతి. ఒక్కో ప్లేటుకు స్కాన్ అవడానికే నిమిషాలు పడుతుంది. 200 ప్లేట్లకు పరవాలేదు. 3,000 ప్లేట్లకు మాత్రం మొదట్లో ఉన్న ఉత్సాహం సగంలోనే ఆరిపోతుంది.

## కెమెరా, స్టాండు, లైట్ టేబుల్

నిటారుగా కిందికి చూసే స్టాండుకు కెమెరా బిగించి, కింద లైట్ టేబుల్, దాని మీద ప్లేటు. ఫొటో తీయడానికి పట్టేది సెకను, మిగతా టైమంతా ప్లేటు పెట్టడానికీ తీయడానికే. అందుకే పెద్ద సేకరణలకు నా ఓటు దీనికే.

ప్లేటు విషయంలో దీనికున్న మేలు వేరే దేనికీ లేదు. ఎమల్షన్ వైపు పైకి, కెమెరా వైపుకి పెడతాం. బొమ్మ ఉన్న పొరకు ఏదీ తగలదు. మూత లేదు, ఒత్తిడి లేదు. అంచుల దగ్గర రెండు ఆసరాలు పెట్టి లైట్ టేబుల్‌కు ఒకటి రెండు అంగుళాల ఎత్తులో ఉంచితే టేబుల్ మీది దుమ్ము కూడా ఫోకస్‌లోకి రాదు. ఎత్తేటప్పుడు వేళ్లు పట్టడానికి కింద జాగా ఉంటుంది. ఇలా పెట్టినప్పుడు బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది, తర్వాత కంప్యూటర్లో తిప్పాలి. ఈ తిప్పడం మర్చిపోయిన ఒక వీధి ఫొటో మా దగ్గర చాలాకాలం కుడి ఎడమలు తారుమారుగానే ఉంది. కొట్టు బోర్డు మీది అక్షరాలు చదవబోయిన ఒక పెద్దాయన నవ్వి చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు.

దట్టమైన నెగటివ్‌లకు కూడా కెమెరానే మేలు. ఎక్స్‌పోజర్ పెంచి ఒకటి, మామూలుగా ఒకటి తీసుకుంటే ఆ మేలిముసుగు మడతలు బయటికొస్తాయి. ప్లేటును కదపనక్కర్లేదు, బటన్ ఇంకోసారి నొక్కడమే.

మరి కష్టమెక్కడ? సర్దుకోవడంలో. కెమెరా సెన్సరూ ప్లేటూ సమాంతరంగా లేకపోతే ఒక మూల మసక వస్తుంది. దీనికి మంచి చిట్కా ఉంది. ప్లేటు పెట్టే చోట చిన్న అద్దం పెట్టి, కెమెరాలోంచి చూస్తూ లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా సర్దండి. మ్యాక్రో లెన్స్ (దగ్గరి నుంచి తీయడానికి చేసిన లెన్స్) వాడండి, ఎపర్చర్ ఎఫ్/8 దగ్గర, ఐఎస్ఓ 100 పెట్టండి. గదిలో మిగతా లైట్లన్నీ ఆపేయాలి, లేదంటే గాజులో మీ చొక్కా కనిపిస్తుంది. ప్లేటు చుట్టూ మిగిలిన లైట్ టేబుల్‌ను నల్ల అట్టతో కప్పేయాలి. ఈ నల్ల అట్ట మర్చిపోతే పక్కనుంచి వచ్చిన వెలుతురు లెన్స్‌లోకి చిమ్మి బొమ్మంతా పాలిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లందరూ కెమెరాను తిట్టుకునేది ఇక్కడే.

పిక్సెళ్ల లెక్క కూడా చూసుకోండి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో పొట్టి వైపు 4,000 పిక్సెళ్లు ఉంటాయి. ఫుల్ ప్లేటు పొట్టి వైపు 6½ అంగుళాలు, అంటే గరిష్ఠంగా 615 పీపీఐ. చుట్టూ కొంచెం అంచు వదిలితే ఇంకా తగ్గుతుంది. అదే క్వార్టర్ ప్లేటుకు 1,200 పైనే వస్తుంది. 45 మెగాపిక్సెల్ కెమెరాతో ఫుల్ ప్లేటుకు 850 దాకా వెళ్లొచ్చు. అంతకుమించి కావాలంటే ప్లేటును భాగాలుగా తీసి, కంప్యూటర్లో కలిపి కుట్టాలి. ప్రతి ప్లేటుకూ అలా చేయబోతే కెమెరా వేగం వల్ల వచ్చిన లాభమంతా పోతుంది. అపురూపమైన వాటికే చేయండి.

సంఘంలో ఒక్కరికి మాత్రమే కెమెరా మీద పట్టు ఉంటే జాగ్రత్త. ఆయన ఊరెళ్లిన నెలంతా పని ఆగిపోతుంది. సెట్టింగులన్నీ ఒక కాగితం మీద రాసి స్టాండుకే అంటించండి.

## బయటి సంస్థకు ఇవ్వడం

డబ్బుంది, మనుషులు లేరు అన్నవాళ్లకు ఇది సహజంగా తట్టే దారి. మంచి సంస్థ చేతిలో పడితే ఫలితం మీరు చేసేదానికంటే మెరుగ్గానే ఉంటుంది. కానీ ప్రయాణం ఉంది, అది మర్చిపోకండి. 2 మిల్లీమీటర్ల మందమున్న 8 × 10 ప్లేటు ఒక్కటే పావుకిలో ఉంటుంది. వంద పెడితే పెట్టె పాతిక కిలోలు. ఆ పెట్టెను మెట్ల మీద ఎవరు మోస్తారో, బండిలో ఎలా నిలబెడతారో మీ కళ్లతో చూడాలి.

మేం మొదటి విడతగా కొన్ని ప్లేట్లు బయటికి పంపాం. బొమ్మలు చక్కగా వచ్చాయి, కానీ అంచులన్నీ నీటుగా కత్తిరించి ఇచ్చారు. స్టూడియోవాళ్లు రిజిస్టర్ నంబరు గోటితో గీకింది ఆ అంచుల్లోనే. నంబరు లేకపోతే ఆ ఫొటో ఎవరిదో చెప్పడం కుదరదు. తప్పు వాళ్లదొక్కరిదే అనలేం, అంచు ఉంచమని కాగితం మీద మేమూ రాయలేదు.

కాబట్టి రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సినవి ఇవి. అంచులు, పగుళ్లు సహా ప్లేటంతా కనిపించాలి. పదును పెట్టని, మచ్చలు తుడవని అసలు ఫైళ్లు కూడా ఇవ్వాలి. మీ నంబరే ఫైలు పేరు కావాలి. మీ అనుమతి లేకుండా ప్లేటు శుభ్రం చేయకూడదు. అన్నిటికంటే ముందు, ఇరవై ప్లేట్లతో నమూనా చేయించి చూడాలి, అందులో మీ దగ్గరున్న అతి దట్టమైన ప్లేటు తప్పకుండా ఉండాలి.

ప్లేట్లు తీసుకెళ్లకుండా వాళ్లే పరికరాలతో మీ దగ్గరికి వచ్చి చేసే పద్ధతి కుదిరితే, నేనైతే ఇంకేమీ ఆలోచించను.

## ఇప్పుడే స్కాన్ చేయకపోవడం

ఇదీ ఒక ఎంపికే, చాలాసార్లు సరైన ఎంపిక. గాజు మీది బొమ్మ సరిగ్గా దాస్తే ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. హడావిడిగా సగం సగం స్కాన్ చేసి, ప్లేట్లను మళ్లీ అదే మురికి పెట్టెలో పడేస్తే రెండూ దక్కవు. చేతిలో డబ్బు కొంచెమే ఉన్నప్పుడు దాన్ని కవర్లకూ పెట్టెలకూ ఖర్చుపెట్టి, ఫోన్‌తో జాబితా చేసి, స్కానింగ్ వచ్చే ఏడాదికి వాయిదా వేయడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

బూజు పట్టినవి, ఒకదానికొకటి అతుక్కున్నవి, పూత పొరలుగా లేస్తున్నవి మాత్రం ఏ పద్ధతిలోనూ మీరు చేయకండి. అతుక్కున్నవాటిని నీళ్లలో నానబెట్టకండి, చాకు దూర్చకండి. బూజు ఉన్నవాటిని విడిగా ఉంచి మాస్కు లేకుండా తెరవకండి. అవి కన్జర్వేటర్ (పాత వస్తువులను కాపాడే నిపుణుడు) చూడాల్సిన పనులు.

## ఒక చూపులో

| పద్ధతి | ప్లేటుకు ప్రమాదం | దట్టమైన నెగటివ్ | పెద్ద సైజు | వేగం | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|---|
| ఫోన్, లైట్ బాక్స్ | తక్కువ | పనికిరాదు | పరవాలేదు | చాలా ఎక్కువ | జాబితా కోసం అందరికీ |
| ఫ్లాట్‌బెడ్ స్కానర్ | మధ్యస్థం, ఎత్తేటప్పుడు ఎక్కువ | అంతంతమాత్రం | లైటు ఉన్నంత వరకే | తక్కువ | కొద్ది ప్లేట్లు, మారుతుండే వాలంటీర్లు |
| కెమెరా, స్టాండు | తక్కువ | బాగా వస్తుంది | ఇబ్బంది లేదు, వివరం తగ్గుతుంది | ఎక్కువ | వందలు, వేల ప్లేట్లు, తెలిసిన మనిషి ఒకరైనా ఉంటే |
| బయటి సంస్థ | ప్రయాణంలో ఎక్కువ | సంస్థను బట్టి | సంస్థను బట్టి | మీ చేతిలో లేదు | మనుషులు లేనివాళ్లు |
| భద్రపరచి వాయిదా వేయడం | అతి తక్కువ | వర్తించదు | వర్తించదు | వర్తించదు | వనరులు తక్కువ, ప్లేట్లు బలహీనం |

## కవర్లు, పెట్టెలు: ఇక్కడా ఎంపిక ఉంది

ప్లేట్లు వచ్చిన పాత కవర్లను వెంటనే పారేయకండి. వాటి మీద పేరో తేదీనో రాసి ఉంటుంది. ముందు ఆ కవరును కూడా ఫొటో తీయండి.

కొత్త కవరు ఎంచుకునేటప్పుడు జేబులా ఉండేదా, నాలుగు మడతలుగా తెరుచుకునేదా అన్న ప్రశ్న వస్తుంది. జేబు కవరు తేలిగ్గా దొరుకుతుంది, కానీ ప్లేటు లోపలికి జారేటప్పుడు ఎమల్షన్ రాసుకుంటుంది, అతికించిన చోట జిగురు కాలక్రమంలో బొమ్మ మీద చార వేస్తుంది. నాలుగు మడతలదానికి జిగురు ఉండదు, బల్ల మీద పువ్వులా విప్పి ప్లేటును మధ్యలో పెట్టి మూసేయడమే. ఖర్చు కాస్త ఎక్కువైనా రెండోదే తీసుకోండి. కాగితం ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ (ఫొటోకు హాని చేయదని తేల్చే పరీక్ష) పాసైనదని రాసి ఉండాలి. నంబరు పెన్సిల్‌తో, ప్లేటు లోపల పెట్టకముందే రాయాలి.

తర్వాత పడుకోబెట్టాలా, నిలబెట్టాలా? పగలనివన్నీ పొడవైన అంచు మీద నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది ప్లేటు పై బరువంతా మోస్తుంది. పగిలినవాటిని మాత్రం విడిగా పడుకోబెట్టి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా అట్టతో గూళ్లు చేయాలి. టేపు అంటించొద్దు. పెట్టె నిండా కుక్కకండి, అలాగని వదులుగా వదలకండి. ఖాళీ ఉంటే అట్టతో నింపండి. పెట్టె మీద "గాజు, బరువు" అని పెద్ద అక్షరాలతో రాయండి, రేపు ఎత్తేవాడికి తెలియాలి కదా.

గది చల్లగా, తేమ 30 నుంచి 40 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. అది కుదరకపోతే కనీసం రోజూ ఎక్కువ తక్కువలు కాకుండా చూసుకోండి. ఏసీ పగలు వేసి రాత్రి ఆపేయడం కంటే అసలు వేయకపోవడమే నయం. చెక్క అల్మరా కంటే ఎనామెల్ పూత వేసిన ఇనుప అల్మరా మంచిది. ఎక్కడ పెట్టినా నేల మీద మాత్రం పెట్టకండి, సెల్లార్‌లో అసలే వద్దు. 2016 జనవరిలో అమెరికాలోని హార్వర్డ్ కాలేజ్ అబ్జర్వేటరీ అనే ఖగోళ పరిశోధనశాలలో నీటి పైపు పగిలి సుమారు 61,000 గాజు ప్లేట్లు తడిసిపోయాయి. అంతటి సంస్థకే అలా జరిగింది.

శుభ్రం చేయడం విషయంలో కూడా అదే అబ్జర్వేటరీ ఒక పాఠం. ఖగోళ శాస్త్రవేత్తలు గాజు వైపు సిరాతో రాసుకున్న గుర్తులు స్కానింగ్‌కు అడ్డొస్తున్నాయని, వాటిని ముందుగా ఫొటో తీసి, తర్వాత తుడిచేశారు. శాస్త్రం దృష్టిలో అది సరే, చరిత్ర దృష్టిలో నష్టమే. మన ప్లేట్ల మీద కూడా ముఖంపై మచ్చ కనబడకుండా ఫొటోగ్రాఫర్ దిద్దిన పెన్సిల్ గీతలు, ఆకాశం తెల్లగా రావడానికి పూసిన ఎర్ర రంగు ఉంటాయి. అవి ఆయన పనిలో భాగం, తుడవకండి. ఎమల్షన్ వైపు గాలి బల్బుతో ఊదడం వరకే. గాజు వైపు, దాని మీద రాతలేవీ లేవని చూసుకున్నాకే, కాస్త తడిపిన దూదితో తుడవొచ్చు. నూలు చేతి తొడుగులు జారతాయి, నైట్రైల్ తొడుగులు వాడండి.

## ఎవరు ఏది ఎంచుకుంటే మంచిది

రెండు మూడు వందల ప్లేట్లు, అన్నీ ఫుల్ ప్లేటు లోపు, పొర గట్టిగా ఉన్నవి అయితే స్కానర్ కొనుక్కోండి. ప్లేట్లు అయిపోయాక పాత ప్రింట్లకూ కాగితాలకూ పనికొస్తుంది.

వెయ్యి దాటితే కెమెరా. ఒకరు కవరు విప్పి దుమ్ము ఊదుతూ, ఒకరు ఫొటో తీస్తూ, ఒకరు నంబరు రాసి మళ్లీ కవరులో పెడుతూ ఉంటే పని పరుగెడుతుంది. ఇద్దరే ఉన్నా నడుస్తుంది. ఒక్కరే ఉంటే వేగం కోసం ఆశపడకండి, చేతులు అలిసినప్పుడే ప్లేట్లు జారేది.

కుటుంబాలు "స్కాన్ చేసుకుని తిరిగి ఇచ్చేయండి" అని ఇచ్చిన ప్లేట్ల సంగతి వేరు. అవి మళ్లీ మీ చేతికి రాకపోవచ్చు. అక్కడ వేగం కంటే వివరం ముఖ్యం. కెమెరాతో భాగాలుగా తీసి కుట్టండి, లేదా బొమ్మ నిలకడగా ఉంటే స్కానర్‌లో ఎక్కువ పీపీఐలో చేయండి. తిరిగి ఇచ్చేటప్పుడు కొత్త కవర్లలో పెట్టి ఇవ్వండి. ఫొటోల్లో ఉన్నవాళ్ల పిల్లలు, మనవలు ఇంకా ఉంటారు కాబట్టి వేటిని అందరికీ చూపించవచ్చో ఆ రోజే అడిగి రాసుకోండి.

పగిలిన ప్లేటుకు కెమెరానే. శుభ్రమైన గాజు పలక మీద ముక్కల్ని వాటి చోట్లలో, మధ్యన వెంట్రుకవాసి ఎడం ఉంచి అమర్చి తీయండి. అంచులు ఒరుసుకుంటే ఇంకో పెచ్చు లేస్తుంది. అతకడం కంప్యూటర్లో చూసుకోవచ్చు.

## ఫైళ్ల విషయం

నలుపు తెలుపు బొమ్మ కదా అని గ్రేస్కేల్‌లోనే తీయాలన్న రూలేమీ లేదు. రంగుల్లో తీస్తే పసుపు మరకలు, ఎర్ర రంగు దిద్దుబాట్లు విడిగా కనిపిస్తాయి. కానీ బరువు మూడింతలు. ఫుల్ ప్లేటును 1200 పీపీఐలో 16 బిట్ గ్రేస్కేల్ టిఫ్‌గా దాస్తే ఒక్కో ఫైలు సుమారు 160 మెగాబైట్లు, వెయ్యి ప్లేట్లకు 160 గిగాబైట్లు. రంగుల్లో అయితే 480. నేను కెమెరాతో తీసినవాటికి రంగుల రా ఫైలునే (కెమెరా మార్పులు చేయకుండా ఇచ్చే ఫైలు) మాతృకగా, అంటే అసలు ప్రతిగా ఉంచుతాను, అది చాలా చిన్నది. 8 బిట్‌కు మాత్రం దిగకండి. అందులో 256 మెట్లే ఉంటాయి, 16 బిట్‌లో 65,536. దట్టమైన నెగటివ్‌ను తిరగేసి సాగదీసినప్పుడు ఆ తేడా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

మాతృకను నెగటివ్‌గానే ఉంచండి. తిరగేసి, పక్కకు తిప్పి, అందంగా సర్దినది వేరే కాపీ. మూడు కాపీలు, రెండు రకాల నిల్వలో, ఒకటి వేరే భవనంలో ఉండాలి. హార్డ్ డిస్క్ ఒక్కదాన్ని నమ్ముకుని గాజు కంటే పెళుసైన దాన్ని కొనుక్కున్నామని తర్వాత తెలుసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకా ఏదీ తేల్చుకోలేకపోతే కొనకుండా ముందు అరువు తెచ్చుకోండి. తెలిసినవాళ్ల దగ్గర స్కానర్ ఒక శనివారం, కెమెరా ఇంకో శనివారం. రెండు రోజులూ ఇరవై ఇరవై ప్లేట్లు, మొదటి రోజు చేసినవి కాకుండా వేరేవి. కవరు విప్పినప్పటి నుంచి మళ్లీ మూసేదాకా గడియారం పెట్టుకుని, ప్రతి ప్లేటు ఎన్నిసార్లు ఎత్తారో పక్కన గీతలు గీయండి. ఒక్కో ప్లేటుకు సగటున వచ్చిన ఆ రెండు లెక్కలనూ మీ మొత్తం ప్లేట్ల సంఖ్యతో హెచ్చించండి.